ఆగ్నేయానికి తిప్పిన బండి

ఆస్ట్రేలియా ఖండం మొత్తం చుట్టేద్దామని మేము బండి కొన్నాం. ఇప్పటివరకు మెల్‌బోర్న్‌కి ఆ చివరున్న క్లేటన్ నుంచి ఈ చివరున్న ట్రుగనీనా దాకా వచ్చాం. మధ్యలో నగరం అడ్డొచ్చింది కాబట్టి దాన్ని కూడా చూసేసినట్టే లెక్క.

బండి అంటే మోటర్‌హోమ్. ముందు స్టీరింగు, వెనక సంసారం. మాకు అమ్మింది రిటైరైన తెల్ల దంపతులు. దాంట్లో దేశాన్ని మూడుసార్లు చుట్టామని, ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదని తాళాలిచ్చేటప్పుడు పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇబ్బందులన్నీ అది భద్రంగా మాకోసం దాచి ఉంచిందని మొదటివారంలోనే తెలిసింది. కుళాయి ఎవరూ తిప్పకపోయినా నీళ్ళ పంపు గురకపెడుతుంది. గాలివాన వస్తే పైకప్పు కిటికీ మాకంటే ముందు భయపడి తెరుచుకుంటుంది. అరల తలుపులకు గడియలున్నాయి గానీ వాటికి బాధ్యత లేదు. నేలమీద స్క్రూ దొరికితే అది ఎక్కడినుంచి ఊడిందో వెతకడం నా సాయంత్రపు వ్యాపకం. ఊరు తెలియని స్క్రూలన్నిటినీ ఖాళీ ఊరగాయ సీసాలో వేస్తాను. సీసా నిండేరోజుకి బండి విడిపోతుందని నా అంచనా.

బండి నిలబెట్టింది ట్రుగనీనాలో ఒక అంకుల్ గారింటి పక్క సిమెంటు జాగాలో. అంకుల్ మా నాన్న స్నేహితుడికి తోడల్లుడు. అంటే ఇక్కడి లెక్కలో సొంత రక్తం. కరెంటు వాళ్ళ గరాజ్‌ నుంచి వైరు లాక్కున్నాం. నీళ్ళు వాళ్ళ తోట కుళాయినుంచి. సలహాలు మాత్రం వైరూ పైపూ లేకుండానే వచ్చేవి.

ప్రయాణం ఆగిపోవడానికి కారణం మా ఆవిడ పరీక్ష. తను వరంగల్‌లో చదివిన డాక్టరు. బయటిదేశాల్లో చదివొచ్చిన డాక్టర్లు ఇక్కడ వైద్యం చెయ్యాలంటే ఒక పరీక్ష ఉంది. వరసగా గదులుంటాయి. ఒక్కో గదిలో ఒక్కో రోగి కూర్చుని ఉంటాడు. నిజం రోగి కాదు, నటుడు. కొన్ని నిమిషాల్లో అతనితో మాట్లాడి, అడగాల్సినవి అడిగి, జబ్బు పట్టుకోవాలి. మొదటిసారి మా ఆవిడ జబ్బులన్నీ పట్టుకుంది, పరీక్ష మాత్రం పోయింది. ఊళ్ళో ఓపీలో బయట బారులు తీరి ఉంటారు కాబట్టి, రోగి కుర్చీలో సర్దుకునేలోపు చీటీ చేతిలో పెట్టడం తనకి అలవాటు. ఇక్కడ ఆ వేగానికి మార్కుల్లేవు. ఇంట్లో ఎవరుంటారు, రోజూ ఏం చేస్తారు, ఈ నొప్పి గురించి మీరేమనుకుంటున్నారు... ఇవన్నీ అడగలేదని ఫెయిల్ చేశారు.

ఇది రెండోసారి. ఇక మూడోసారి రాయనని తను ముందే చెప్పేసింది. ఏడవలేదు, అరవలేదు. ఉతికిన బట్టలు మడతపెడుతూ చెప్పింది. వారాంతాల్లో ఒక ఏజ్డ్ కేర్ హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించే పని చేస్తోంది. ఈసారి కాకపోతే ఆ ఉద్యోగమే పర్మనెంట్ చేసుకుంటానంది. వాళ్ళిచ్చిన ఫారం అప్పటికే పుస్తకాల మధ్య ఉంది. మామూలుగా ఎవరేం చెప్పినా నా దగ్గర ఒక జోకు ఉంటుంది. ఆ రోజు మాత్రం నేనూ ఒక చొక్కా తీసి మడతపెట్టాను.

ఈ పరీక్షకి మనసులో చదివితే కుదరదు. పైకి మాట్లాడుతూ ప్రాక్టీసు చెయ్యాలి. లైబ్రరీలో మాట్లాడనివ్వరు. అంకుల్ వాళ్ళింట్లో గది ఉంది గానీ, రెండోరోజే ఆంటీ రోగి పాత్రకి ముందుకొచ్చింది.

"నన్నడుగమ్మా, నేను యాక్ట్ చేస్తా. నాకు మోకాలి నొప్పి అనుకో."

అనుకోవడం దాకా రాలేదు. ఆంటీకి నిజంగానే మోకాలి నొప్పి. ఎడమ మోకాలితో మొదలై, ఆడపడుచు దగ్గర ఆగి, థైరాయిడ్ మీదుగా నలభై నిమిషాలు నడిచింది. కాబట్టి మిగిలింది మా బండి. రోగి నేను. నెలరోజుల్లో నాకు గుండెపోటు పదకొండుసార్లు, గర్భం రెండుసార్లు వచ్చాయి.

ఇంట్లో వంట నాది. అందులోనూ ఇడ్లీ, దోశ నా గౌరవ మర్యాదలకు సంబంధించిన విషయాలు. మెల్‌బోర్న్ చలికాలంలో పిండి పులవదు. రాత్రి ఎలా పెట్టామో పొద్దున అలాగే, ఏ ఆశయమూ లేకుండా పడి ఉంటుంది. ఇక్కడ ఒక్కో తెలుగింటికీ ఒక్కో రహస్యం. ఒకరు ఓవెన్‌లో లైటు వేసి పెడతారు. ఒకరు దుప్పటి కప్పి జోకొడతారు. నేను గ్రైండర్ని ఆంటీ గరాజ్‌లో పెట్టి రుబ్బుకొచ్చి, చలి ముదిరాక గిన్నెని మా భోజనం బల్ల కింద అరలో దాచేవాణ్ణి. హీటర్ గొట్టం ఆ అరలోంచే పోతుంది. పొద్దున్నకల్లా పిండి మూత నెత్తిన పెట్టుకుని లేచేది. బండిలో నేను పెట్టినట్టు పెట్టగానే పనిచేసిన ఏర్పాటు అదొక్కటే.

పరీక్ష మూడువారాల చిల్లర ఉందనగా, ఒక ఆదివారం పొద్దున గ్యాస్ అలారం మోగింది.

వంటగ్యాస్ గాలికంటే బరువు. కారితే నేలమీదికి దిగుతుంది. అందుకని ఈ అలారాన్ని పాదాల ఎత్తులో బిగిస్తారు. చూడటానికి అగ్గిపెట్టెంత. అరుపు మాత్రం అంబులెన్సంత. సిలిండర్ కట్టేసి, తలుపులన్నీ తీసి, ఇద్దరం బయటికొచ్చాం. నేను లుంగీ మీద, తను దుప్పట్లో, చేతిలో నోట్సు. వీధి అంతా బయటికొచ్చింది. ఎదురింటి పంజాబీ పెద్దాయన మర్యాదగా పలకరించి, తన కారుని వీధి చివరికి తీసుకెళ్ళి పెట్టుకున్నాడు.

అరగంట తర్వాత అలారం ఊరుకుంది. సబ్బునీళ్ళు కలిపి ప్రతి జాయింటుకీ పూశాను. కారుతుంటే బుడగలు రావాలి. ఒక్క బుడగా రాలేదు. బండి కొన్నాక అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

గురువారం పొద్దున మళ్ళీ మోగింది. ఈసారి తను ఒక రోగి దగ్గర, అంటే నా దగ్గర, కడుపునొప్పి గురించి సగంలో ఉంది. మళ్ళీ దుప్పటి, మళ్ళీ వీధి. లోపలికొచ్చాక మొదటినుంచి మొదలెట్టమంటే ఒక్క ప్రశ్న కూడా సరిగ్గా రాలేదు. మాట మధ్యలో అలారం వైపు చూస్తోంది.

"ఫ్యూజ్ పీకేస్తే?" అన్నాను.

"పీకెయ్. జ్వరమొస్తే థర్మామీటర్ గూడ పలగ్గొట్టు."

"మరి నీ చదువు?"

"బతికుంటే గదా చదువు."

ఈ మాటలన్నీ తమ వంటింటి కిటికీలోంచి అంకుల్ విన్నారు. అంకుల్ ముప్ఫైయేళ్ళుగా ఇక్కడ వంతెనలు డిజైన్ చేస్తున్న సివిల్ ఇంజనీరు. చేతిలో కాఫీతో వచ్చి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఫోన్‌లో దిక్సూచి తీశారు.

"ఏవయ్యా, నీ స్టవ్వు ఎక్కడుందో చూసుకున్నావా అసలు?"

"వంటగదిలో ఉందంకుల్."

"వాయవ్యంలో ఉందయ్యా! అగ్ని ఉండాల్సింది ఆగ్నేయంలో. వాయువులో అగ్నిని పెట్టి గ్యాస్ అలారం మోగుతోందంటే ఎట్టా? మోగక ఏం చేస్తుంది?"

"అంకుల్, ఇది బండి. దిక్కు మారుతూ ఉంటుంది కదా."

"అదే నీ అదృష్టం. ఇల్లయితే గోడలు పగలగొట్టాలి. నువ్వు రివర్స్ గేర్ వేస్తే చాలు."

"సదరన్ హెమిస్ఫియర్‌ల ఆగ్నేయం ఉల్టా అయితదేమో అంకుల్?" అంది మా ఆవిడ, చాలా వినయంగా.

అంకుల్ దాన్ని జోకుగా తీసుకోలేదు. అప్పటికే దీనిమీద రెండు వాట్సాప్ గ్రూపులు విడిపోయాయట. ఈయన ఉల్టా కాని వర్గం.

ఆయన జాగాలో ఉంటూ, ఆయన కరెంటు వాడుకుంటూ, ఆయన శాస్త్రాన్ని కాదనే ధైర్యం నాకు లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఏడు మీటర్ల బండిని వీధిలోకి తీసి, వెనక్కి తిప్పి పెట్టే కార్యక్రమం జరిగింది. వెనక అంకుల్ నిలబడి రెండు చేతులూ ఊపారు.

"రానియ్, రానియ్... కొంచెం నీ రైటు... నీ రైటయ్యా, నా రైటు కాదు... రానియ్, బోల్డంత ఉంది... ఆపు!"

ఆపు అన్నది పసుపు మూత చెత్తడబ్బా పగిలాక వినిపించింది. వంతెనలు ఇలా కట్టరని నమ్మి, దిగి ముక్కలు ఏరాను. స్టవ్వు ఆగ్నేయంలోకి వచ్చింది. మా తలుపు మాత్రం కంచెకి మూడడుగుల దూరంలో తెరుచుకుంటోంది. లోపలికి వెళ్ళాలంటే పక్కవాటుగా, పీతలా వెళ్ళాలి.

అయితే చిత్రం, అలారం ఆగిపోయింది. ఆదివారం మోగలేదు. గురువారం మోగలేదు. ఆ శనివారమే అంకుల్ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. ఆంటీ పులిహోర, దద్ధోజనం, ఇంకా చెప్పలేనన్ని డబ్బాలు ఇచ్చింది. వారమంతా అవే తిన్నాం. వారమంతా తను చదువుకుంది. రోజుకి ఎనిమిది గదులు పూర్తి చేసేది. నాకు ఆస్తమా, పచ్చకామెర్లు, వెన్నునొప్పి హాయిగా వచ్చి పోయాయి. అంకుల్ మా బండి ఫోటో గ్రూపులో పెట్టారు. ఆ దెబ్బకి ఉల్టా వర్గం నుంచి ఇద్దరు ఇటు వచ్చేశారట.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే అలారం మళ్ళీ మోగింది. పీతల్లా బయటికి వచ్చేసరికి రెండింతల సమయం పట్టింది.

"సౌండు తగ్గింది గమనించావా?" అన్నారు అంకుల్, చెవులు మూసుకుని.

ఇక నిజం మనిషిని పిలిచాను. మంగళవారం లైసెన్సున్న గ్యాస్ మెకానిక్ వచ్చాడు. అరవైయేళ్ళ మనిషి, చలిలో కూడా నిక్కరు. పైపుల్లోకి గాలి పట్టించి, గేజ్ తగిలించి, దాని ఎదురుగా కూర్చుని నేనిచ్చిన టీ తాగాడు. పది నిమిషాలు ముల్లు కదల్లేదు. ఆయనా కదల్లేదు.

"నీ పైపులు నా మోకాళ్ళకంటే బాగున్నాయి, మేట్," అన్నాడు. "ముసలిదైంది ఆ అలారమే. మార్చేస్తాను."

మార్చాడు. కొత్తది ఎర్రగా, తెల్లగా, చాలా బాధ్యతగా కనిపించింది. నిజంగానే బాధ్యత గలది. గురువారం పొద్దున, పరీక్ష ఇక ఆరు రోజులుందనగా, పాతదానికంటే గట్టిగా మోగింది.

వీధిలో ఈసారి ఎవరూ బయటికి రాలేదు. మాకు అలవాటు పడిపోయారు. చల్లటి సిమెంటు మీద నిలబడి ఉండగా మా ఆవిడ అంది:

"రేపు ఆ ఫారం సంతకం పెట్టి ఇచ్చేస్త."

"పరీక్ష అయ్యేదాకా ఆగు."

"పరీక్షకు పోను. పోయి ఏం జెప్పాలె? ఆదివారం సంది ఒక్క కేసు పూర్తిగ చెయ్యలే. నోరు దెరుస్తే అదెప్పుడు మోగుతదోనని జూస్తున్న. అక్కడ గంట కొడ్తరు తెల్సా, టైమైపోతే. ఆ గంట ఇన్నా నేను బయటికి ఉర్కుతనేమో."

నవ్వుతూ చెప్పుంటే నేనూ నవ్వేవాణ్ణి. తను నవ్వలేదు. లోపలికెళ్ళి, పుస్తకాల మధ్యనుంచి ఫారం తీసి, పెన్ను కోసం వెతకడం మొదలెట్టింది.

నాకు ఓదార్చడం రాదు. ఓదార్చబోతే పెళ్ళిలో తప్పిపోయిన చుట్టంలా ఉంటాను. నాకు వచ్చింది ఒక్కటే. వెళ్ళి అలారం పక్కన నేలమీద పడుకున్నాను.

"డాక్టర్ గారూ, నాకు అరుపు జబ్బండి."

"లెవ్."

"లేవలేనండి, స్క్రూలు బిగించారు. ఒక మెకానిక్కు చూశాడు, ఒక వంతెనల ఇంజనీరు చూశాడు. మీరొక్కరే చూడలేదు."

"నాకు జోకులు ఇన ఓపిక లేదు."

"పేషెంటుతో ఇలాగేనా మాట్లాడేది? పోయినసారి దీనికేగా మార్కులు పోయింది?"

అనకూడని మాటే. అప్పటికే తనకి పెన్ను దొరికింది. దాన్ని ఫారంతో పాటు బల్లమీద పెట్టి, ఎదురుగా కింద కూర్చుంది. కోపానికి కూర్చుందో, అలవాటుకి కూర్చుందో తెలీదు. పరీక్ష ఇంగ్లీషులో అయినా, ఆ రోజు ప్రశ్నలు నేరుగా వరంగల్ నుంచే వచ్చాయి.

"ఎప్పటి సంది ఉంది?"

"చలి ముదిరిన దగ్గర్నుంచండి."

"రోజూ వస్తదా?"

"లేదండి. ఆదివారం, గురువారం. పొద్దున పూట."

"ఈ రెండు దినాలేనా? పక్కానా?"

అప్పుడే నాకూ తట్టింది. ఫోన్ తీసి, అలారం మోగినప్పుడల్లా అంకుల్‌కి పెట్టిన మెసేజీలు చూశాను. ఆదివారం, గురువారం. ఆదివారం, గురువారం.

"పక్కా."

"నడిమిట్ల తగ్గిందా ఎప్పుడన్న?"

"ఒక వారం పూర్తిగా తగ్గిందండి. ఆగ్నేయం చికిత్స జరిగింది."

"ఆ వారం ఇంకేం జరిగింది?"

"వ్రతం. పులిహోర."

తను ఆగింది. మొదటిసారి రాసినప్పుడైతే ఇక్కడే చీటీ రాసి ఇచ్చేసేది. ఇప్పుడు రాయలేదు.

"మీ ఇంట్ల ఎవరెవరుంటరు?"

"ఒక డాక్టరమ్మ, ఒక అందగాడు."

"ఆ అందగాడు శనివారం, బుధవారం ఏం జేస్తడు?"

"ఏం చేస్తాడు పాపం, గరాజ్‌కెళ్ళి పిండి..."

ఇద్దరం ఒకేసారి బల్ల కింద అర వైపు చూశాం. అలారానికి జానెడు దూరం. అర తలుపు తీశాను. నా పిండి మూత ఎత్తుకుని, చట్టం తెలియని అమాయకురాలిలా బుస్సుమంటూ నిలబడి ఉంది. గిన్నె బయటికి తీసి, మూత తెరిచి, అలారం ముక్కు దగ్గర పెట్టాను. కొద్దిసేపటికి అది కెవ్వుమంది.

ఆ యంత్రానికి వంటగ్యాసూ, పులిసిన పిండిలోంచి వచ్చే ఆవిరీ వేరువేరని తెలీదట. మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఆయనే చెప్పాడు. ఇంట్లో సారా కాస్తున్నారా అని కూడా అడిగాడు. బియ్యం, మినప్పప్పు అన్నాను. దాన్ని వేరేచోట పెట్టుకో మేట్, అన్నాడు.

సబ్బునీళ్ళు నేనే పూశాను, బండి నేనే తిప్పాను, చెత్తడబ్బా నేనే పగలగొట్టాను, అలారం నేనే మార్పించాను. చివరికి జబ్బు కూడా నేనే. మా ఆవిడ నవ్వింది. నేలమీద వెనక్కి వాలి, కళ్ళలోంచి నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత లేచి, "నెక్స్ట్ పేషెంట్," అంది. ఆ పూట నాకు నిమోనియా.

పరీక్షకి మిగిలిన ఆరు రోజులూ బండిలో ఇడ్లీ లేదు. బ్రెడ్డు తిన్నాం. త్యాగం అంటే నాకు అంతవరకే తెలుసు.

బుధవారం నేనే పరీక్ష దగ్గర దింపాను. బండిలో పెట్టుకున్న గిన్నెలన్నీ దారిపొడవునా మోగుతూనే ఉన్నాయి, తను మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సాయంత్రం బయటికొచ్చినప్పుడు ఎలా రాశావని అడగలేదు. తనే చెప్పింది, ఒక గదిలో దగ్గుతున్న పెద్దాయన దొరికాడట. మందులు, సిగరెట్లు, ఇంట్లో మనుషులు అన్నీ అడిగి, ఇంకా సమయం మిగిలితే, పొద్దున్నే లేచి ఏం చేస్తారు అని అడిగిందట. పావురాలకి మేత వేస్తానన్నాడట ఆయన.

"అయితే?"

"అయితే ఏముంది. దగ్గు పావురాలకెల్లి. ఆ ఈకల దుమ్ము ఊపిరితిత్తులల్ల పడ్తది." సీటు బెల్టు పెట్టుకుంటూ, "గంట కొట్టిన్రు. నేను ఉర్కలే," అంది.

ఫలితం కోసం చాలా వారాలు ఆగాలి. ఆ వారాల గురించి రాయడానికేమీ లేదు. పంపు గురకపెట్టింది, నేను దాన్ని విప్పి బిగించాను, అది మళ్ళీ గురకపెట్టింది. ఫారం సంతకం లేకుండా బల్లమీదే ఉంది. ఇద్దరం దాని చుట్టూ తుడిచేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం నేను పైకప్పు మీద కిటికీ అంచుకి నీళ్ళు కారకుండా కొత్త సీలెంట్ జిగురు పూస్తున్నాను. కిందినుంచి పిలిచింది.

"దిగు."

"ఒక్క పక్క మిగిలింది. ఆరిపోతుంది."

"దిగురా."

'రా' పడింది కాబట్టి దిగాను. కంచెకీ తలుపుకీ మధ్య ఆ మూడడుగుల సందులో నిలబడి ఉంది. ఫోన్ నా చేతిలో పెట్టింది. తను మూడుసార్లు చదివిందట, నమ్మకం కుదరలేదట.

"నువ్వు జదువు. జోక్ జేస్తే మాత్రం సంపుత."

మెయిల్ పొడుగ్గా ఉంది. చివరిదాకా చదివాను. నా వేళ్ళకున్న సీలెంట్ ఫోన్‌కి అంటుకుంది.

"పాస్," అన్నాను.

"మళ్ళ చెప్పు."

"పాస్."

మెట్టు మీద కూలబడింది. ఇంకోసారి చెప్పమంది, చెప్పాను. ఆ తర్వాత ఇంకోసారి. నాలుగుసార్లూ నేను ఆ ఒక్క మాటే, ఏమీ కలపకుండా చెప్పాను.